ఉమ్మడి గోడలు - ఊరి నిబంధనలు



పాలమూరు సీమ పాత ఊళ్లలో మిద్దెలు ఒకదానినొకటి ఆనుకొని యుండును. రెండిండ్ల నడుమ ఒకటే గోడ. ఎండ తగులు గోడలు తక్కువ గావున లోపల చల్లదనము. రాయి, మన్ను, కూలి తక్కువ. గాలి వెలుతురులు నడిమి వాకిటనుండి వచ్చును. నల్లగొండ సీమ భవంతులకును ఆ వాకిలియే ప్రాణము. అంతస్తులు పెంచకయే కొద్ది చోటున పెక్కు కుటుంబములు కాపురముండుట మనకు క్రొత్త కాదు.

ఇట్టి ఊళ్లలో కొన్ని పురపాలక సంఘములైనవి. భూదాన్ పోచంపల్లి 2018లో అయినది. అచ్చట ఇల్లు కట్టుటకు 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు వచ్చినవి. వాని ప్రకారము 100 చదరపు మీటర్లలోపు స్థలమున, 7 మీటర్ల యెత్తువరకు, ప్రక్కల జాగా విడువనక్కరలేదు. అది దాటి 200 మీటర్లవరకు ముందు మీటరున్నర, తక్కిన మూడు వైపుల మీటరు చొప్పున విడువవలెను.

లెక్క చూడుడు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల 200 గజముల స్థలమున సుమారు 580 చదరపు అడుగులు, అనగా మూడవవంతుకు కొంచెము తక్కువ, ఇంటిచుట్టు పోవును. మూడడుగుల సందులో మంచము పట్టదు. అందులో సగమునకు కొంచెము మించిన నేలతోనే 15 అడుగులు, 20 అడుగుల వాకిలి యేర్పడును.

నిబంధన వ్రాసినవారిని నేను నిందించుట లేదు. గాలి, వెలుతురు, అగ్నిభయము వారు తలచినవే. కాని చోటు చాలదని అంతస్తుల మేడలకు పోదమన్న, నారాయణపేట, గద్వాల, పోచంపల్లి నేతపనివారి మాటేమి? గుంతమగ్గమునకు నేల కావలెను గదా! మూడవ అంతస్తున గుంత యెట్లు త్రవ్వుదురు?

దారి ఆ నిబంధనలలోనే కలదు. 1000 చదరపు మీటర్లకు, అనగా సుమారు 1200 గజములకు, తక్కువ గాని స్థలమున వరుస యిండ్లు కట్టవచ్చును. ఒక్కొక్క స్థలము 50 మీటర్లకు తగ్గరాదు. వరుసకు 8 మించరాదు. ఉమ్మడి వాకిటిచుట్టు ఇండ్లను గుంపుగా కట్టుటకును అందులో చోటున్నది.

కావున నేను విన్నవించునది ఇది. అన్నదమ్ములు పాళ్లు పంచుకొనుటకు ముందే, ఇరుగుపొరుగులు కలిసి, స్థలమంతటికి ఒకే పటము గీయించి అనుమతి కోరవలెను. ఉమ్మడి గోడ యెవరిది, మిద్దెనీరు ఎటు పోవలెను, గోడ బాగుచేయు ఖర్చెవరిది అనునవి కాగితముపై వ్రాసికొనవలెను. వెనుక ఈ మాటలకు పెద్దల నోటిమాట చాలెడిది. నేడు వ్రాత లేనిచో ఆ గోడయే తగవునకు మూలమగును.