కువైట్ ఎంత దూరం?
(తొండూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉపన్యాసకుణ్ణి కాను. రెవెన్యూ ఆఫీసులో దస్త్రాలు మోసిన గుమాస్తాను. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను.

మన కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. హైదరాబాదు నుంచి అక్కడికి ఆకాశమార్గాన దాదాపు 3,400 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. ఉదయం 9కి ఎక్కితే మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 1.30కి దిగుతారు. అక్కడి గడియారం మాత్రం 11 చూపిస్తుంది. వారి కాలం మనకంటే రెండున్నర గంటలు వెనక. తిరుగు ప్రయాణంలో పైన పడమటి గాలి తోడవుతుంది గనుక కాస్త తొందరగా వస్తారు. శంషాబాదులో దిగాక కర్నూలు మీదుగా మన ఊరికి మళ్ళీ ఏడెనిమిది గంటలు. అంటే ఆకాశంలో కన్నా నేల మీదే ఎక్కువసేపు!

ఈ లెక్క నమ్మి నేనొక పొరపాటు చేశాను. 2017లో మా అన్న తెల్లవారుజామున కాలం చేశాడు. పెద్దకొడుకు కువైట్‌లో ఉన్నాడు. "నాలుగు గంటల ప్రయాణమే, రాత్రికి వస్తాడు" అని వదినకు చెప్పింది నేనే. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. యజమాని ఊళ్ళో లేడు. సెలవు దొరికేసరికి మరునాటి సాయంత్రమైంది. మేము ఆగలేక చిన్నవాడితో తలకొరివి పెట్టించాము. పెద్దవాడు మూడోనాడు మధ్యాహ్నం దిగాడు. "నాలుగు గంటలేనంటివి కదప్పా" అని వదిన ఒక్క మాటే అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఆఫీసులో నలభై ఏళ్ళు చూసినదే అక్కడ మరిచాను. కాగితం కదలందే మనిషి కదలడు. 2025 జూలై 1 నుంచి కువైట్‌లో ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో నిష్క్రమణ అనుమతి తీసుకోవాలన్న నియమం కూడా వచ్చింది.

కనుక నా మనవి. మీ పిల్లల పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడి నంబరు, యజమాని ఫోను, గదిలో ఉండే తోటివారి ఫోను ఒక నోటుపుస్తకంలో రాసి, పింఛను పుస్తకం పక్కనే పెట్టుకోండి. కువైట్‌లోని మన రాయబార కార్యాలయం నంబరు, ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ నంబరు కూడా రాసుకోండి. అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి.

ఇంకొక్క మాట. మన కోసం ఎంతసేపు ఆగాలో మనమే ముందు చెప్పిపోవాలి. నేను మా పిల్లలకు చెప్పాను: "ఒక్కరోజు చూడండి. ఆపైన దగ్గరున్నవాళ్ళతో కానివ్వండి. రాలేనివాణ్ణి ఎవరూ నిష్ఠూరమాడవద్దు." చెప్పాక నా మనసు తేలికైంది. వాళ్ళకూ తేలికవుతుంది.