పదో నంబరు క్లబ్బు

(మన స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీలో నెలనెలా జరిగే ‘భోజనానంతరం’ కార్యక్రమంలో పదవీ విరమణ చేసిన ఒక చీఫ్ మేనేజరు గారు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారు ఫోను చేసి, ‘సార్, రుణ వసూళ్ల గురించి తప్ప ఏదైనా మాట్లాడండి’ అన్నారు. నన్ను ఎరిగినవాళ్లు ఎవరో ముందే హెచ్చరించినట్టున్నారు. అందుకని ఈ రోజు ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను. మధ్యలో వసూళ్ల విభాగం తొంగిచూస్తే మన్నించాలి. ముప్పై ఆరేళ్ల అలవాటు.

మా అమ్మాయి, అల్లుడు బ్రసెల్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. 2019 నవంబరులో సెలవు పెట్టి వెళ్లాం. వాళ్ల పక్కింటి పెద్దాయన, నాకంటే పదేళ్లు పెద్ద, ఒక శనివారం సాయంత్రం నన్ను మ్యాచికి తీసుకెళ్లాడు. స్టేడియం అంటే ఈడెన్ గార్డెన్స్ లాంటిదేదో అనుకున్నాను. ఆయన నన్ను ఒక పార్కులోంచి, చెట్ల మధ్య బురదదారిలో నడిపించాడు. కొండవాలు దిగేసరికి కింద దీపాలు, పచ్చగడ్డి కనిపించాయి. ఒకవైపు వాలు మీద మెట్లు, జనం నిలబడే చూస్తున్నారు. తొమ్మిది వేల పైచిలుకు మంది పడతారు, అంతే. అప్పుడు వాళ్లు ఆడుతున్నది రెండో డివిజన్‌లో. చలికి నా దవడలు కొట్టుకుంటున్నాయి. ఇంతోటి దానికా ఇంత దూరం నడిపించాడు అనుకున్నాను.

ఆట సగంలో ఆయన చెప్పాడు, ఈ క్లబ్బు బెల్జియం ఛాంపియన్ పదకొండుసార్లు అని. నేను ఇంగ్లీషు తప్పుగా విన్నానేమో అనుకున్నాను. తప్పు కాదు.

క్లబ్బు పేరు రాయల్ యూనియన్ సాన్ జిల్వాజ్. బ్రసెల్స్ అంటే ఒక్క మునిసిపాలిటీ కాదు, పందొమ్మిది కలిస్తే బ్రసెల్స్. అందులో సాన్ జిల్ ఒకటి. అక్కడ 1897లో పుట్టిన క్లబ్బు ఇది. తమాషా ఏమిటంటే వీళ్ల స్టేడియం మాత్రం సాన్ జిల్‌లో లేదు, పక్కనున్న ఫోరే మునిసిపాలిటీలో ఉంది. 1919లో తెరిచారు. క్లబ్బు అధ్యక్షుడు జోసెఫ్ మారియెన్ పేరే దానికి స్థిరపడింది. 1920 ఒలింపిక్స్ ఆంట్‌వెర్ప్‌లో జరిగాయని మీకు తెలుసు, దొరాబ్జీ టాటా పూనికతో మన దేశం జట్టును పంపిన ఒలింపిక్స్ అవే. ఆ పోటీల్లో కొన్ని ఫుట్‌బాల్ మ్యాచిలు ఈ మైదానంలోనే ఆడారు. 1926లో కట్టిన ముందుగోడ, దాని మీది శిల్పాలు ఇప్పుడు రక్షిత కట్టడం. అంటే కూల్చి పెద్దది కట్టుకుందామన్నా కుదరదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1904 నుంచి 1913 లోపల ఏడు టైటిళ్లు. 1923లో ఒకటి. ఆపైన 1933, 34, 35 వరసగా మూడు. ఆ మూడేళ్లలో జట్టుకు కెప్టెన్ జూల్ పప్పార్ట్. లీగులో వరసగా అరవై మ్యాచిలు ఓడలేదు. ఆ జట్టును ఇప్పటికీ ‘యూనియన్ 60’ అనే అంటారు. ఏటా అన్ని డివిజన్లలోకీ ఎక్కువ మ్యాచిలు ఓడకుండా ఆడిన జట్టుకు బెల్జియంలో పప్పార్ట్ పేరిటే కప్పు ఇస్తారు. అరవై ఒకటో మ్యాచిలో ఓడించింది ఎవరనుకున్నారు? ఊళ్లోనే ఉన్న డేరింగ్ క్లబ్బు. మోలెన్‌బేక్ వాళ్లది. ఆ తర్వాత రెండేళ్లు టైటిలు కూడా వాళ్లే పట్టుకుపోయారు.

ఈ యూనియన్–డేరింగ్ పోరు ఎంత ఇంటింటి రామాయణం అయిందంటే, 1938లో దాని మీద ‘బోస్‌మాన్స్ ఎ కొపెనోల్’ అని ఒక హాస్యనాటకం వచ్చింది. ఇద్దరు స్నేహితులు, ఒకడు యూనియన్ మనిషి, ఇంకొకడు డేరింగ్ మనిషి. ఫుట్‌బాల్ దగ్గర చెడుతుంది, వాళ్ల పిల్లలేమో ప్రేమించుకుంటారు. ఇవాళ్టికీ ఆ నాటకం ఆడుతున్నారు. అందులోని మదాం షపో అనే పాత్రకు బ్రసెల్స్ వీధిలో విగ్రహం కూడా ఉంది.

ఇక ఓడలు బండ్లయిన కథ. యుద్ధం తర్వాత ఊళ్లో ఆండర్లెక్ట్ లేచింది, 1947లో మొదటి టైటిలు కొట్టింది, ఇక ఆగలేదు. యూనియన్ 1958–60 ఫెయిర్స్ కప్పులో రోమా జట్టును ఓడించి సెమీఫైనల్‌దాకా వెళ్లింది కానీ, అది ఆరిపోయే దీపం వెలుగు. 1963లో మొదటి డివిజన్‌లోంచి జారింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. చివరికి 1973లో దిగితే, తిరిగి ఎక్కడానికి నలభై ఎనిమిదేళ్లు పట్టింది. మధ్యలో నాలుగో డివిజన్ కూడా చూసింది. మన భాషలో చెప్పాలంటే సబ్‌స్టాండర్డ్, డౌట్‌ఫుల్ దాటి లాస్ ఎసెట్ అన్నమాట. 1980లో నా టేబుల్ మీదికి వీళ్ల ప్రపోజల్ వచ్చి ఉంటే రెండో పేజీ తిప్పకుండా రిజెక్ట్ రాసేవాణ్ణి. ఈ మాట ఆ పెద్దాయనతో అంటే, మీరు ఒక్కరే కాదు అన్నట్టు నవ్వాడు.

సరిగ్గా ఆ 1973లోనే డేరింగ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. రేసింగ్ వైట్ అనే క్లబ్బుతో విలీనమయ్యారు. కొత్త పేరు ఆర్‌డబ్ల్యూడీఎమ్. విలీనం బ్రహ్మాండంగా కలిసొచ్చింది, 1975లో ఛాంపియన్లయ్యారు. నాలాంటివాడు అప్పుడు చూస్తే, డేరింగ్ వాళ్లది తెలివి, యూనియన్ వాళ్లది మొండితనం అని నోట్ రాసేవాడు. కానీ 2002లో ఆర్‌డబ్ల్యూడీఎమ్ దివాలా తీసింది.

ఇక్కడ మీకు మాట్రిక్యూల్ గురించి చెప్పాలి. నాకు ఈ కథ మీద ఆసక్తి పుట్టించింది అదే. 1926లో బెల్జియం ఫుట్‌బాల్ సంఘం ప్రతి క్లబ్బుకీ ఒక నంబరు ఇచ్చింది, సభ్యత్వం తీసుకున్న వరసలో. రాయల్ ఆంట్‌వెర్ప్ 1. డేరింగ్ 2. క్లబ్ బ్రుగె 3. యూనియన్ 10. పేరు మార్చుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, ఆ నంబరే క్లబ్బు. విలీనమైతే రెండు నంబర్లలో ఒకటే మిగులుతుంది. దివాలా తీస్తే నంబరు కొట్టేస్తారు. 1973 విలీనంలో రేసింగ్ వైట్ నంబరు 47 ఉంచుకున్నారు, డేరింగ్ వాళ్ల 2 పోయింది. 2002లో ఆ 47 కూడా పోయింది. తర్వాత అభిమానులు పాత పేరుతో క్లబ్బును మళ్లీ నిలబెట్టారు గానీ, వేరే క్లబ్బు నంబరు తీసుకుని.

నేను విలీనమైన బ్యాంకు నుంచి వచ్చినవాణ్ణి. బోర్డు మారిన వారం బ్రాంచిలో ఒక పెద్దావిడ, పెన్షన్ ఖాతా, పాత పాస్‌బుక్కు ఇవ్వనంది. ‘అమ్మా, కొత్తది ఇస్తాం, డబ్బు ఎక్కడికీ పోదు’ అన్నాను. ‘డబ్బు సంగతి కాదు నాయనా, ఇది మా ఆయన తెరిచిన పుస్తకం’ అంది. చివరికి పాతదాని మీద క్యాన్సిల్డ్ ముద్ర వేసి ఆవిడకే ఇచ్చేశాం. రూల్సు సంగతి ఇప్పుడు అడక్కండి, రిటైరయ్యాను. బెల్జియంలో ఆ నంబర్ల సంగతి చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చింది. ఆవిడ పాస్‌బుక్కు మీద ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇప్పుడు ఏ మెషీనూ తీసుకోదు.

సరే, యూనియన్ పదో నంబరు మాత్రం నిలిచింది. ఎలాగంటే, గొప్ప వ్యూహమేమీ కాదు. నాలుగో డివిజన్‌లోనూ టిక్కెట్టు కొన్న జనం ఉన్నారు, తలుపు మూయనివ్వని కమిటీలు ఉన్నాయి. చావు తప్పి కన్ను లొట్టపోయిన బతుకే. 2015లో రెండో డివిజన్‌కి చేరింది.

2018లో టోనీ బ్లూమ్ కొన్నాడు. ఇంగ్లండులో బ్రైటన్ క్లబ్బు యజమాని. ఆయన సంపద పందేల లెక్కల్లోంచి వచ్చింది, గణాంకాలతో ఆట ఫలితాన్ని అంచనా వేసే వ్యాపారం. భాగస్వామి అలెక్స్ మూజియో క్లబ్బు నడిపాడు. ఇతరులు పట్టించుకోని ఆటగాళ్లను ఆ లెక్కలతో ఏరుకొచ్చారు. డెనిజ్ ఉందావ్ అనే కుర్రాడు జర్మనీ మూడో డివిజన్‌లో ఆడుతుంటే తెచ్చారు. మన క్రెడిట్ స్కోరింగ్ లాంటిదే, కాకపోతే వీళ్లు ఫామ్ నింపించకుండానే స్కోరు చూశారు. నాకు పందెం డబ్బు మీద సదభిప్రాయం లేదు. ఎలా వచ్చిన డబ్బయినా క్లబ్బుకు మంచే జరిగిందని మా అల్లుడి వాదన. మా మధ్య అది ఇంకా తేలలేదు.

2021 మార్చిలో, స్టేడియాల్లోకి ప్రేక్షకుల్ని రానివ్వని కోవిడ్ రోజుల్లో, మొదటి డివిజన్‌కి చేరారు. అది ఖాయమైన మ్యాచిలో ఓడిన జట్టు ఎవరో తెలుసా? మళ్లీ పుట్టిన ఆర్‌డబ్ల్యూడీఎమ్. నలభై ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మా పెద్దాయన ఆ పూట టీవీ ముందు కూర్చోవాల్సి వచ్చింది.

మొదటి ఏడాదే లీగులో అందరికంటే పైన నిలిచారు, 77 పాయింట్లు. రెండో స్థానంలో బ్రుగె, 72. టైటిలు రావాలి కదా? రాలేదు. అప్పట్లో అక్కడ చివర్లో పైజట్ల మధ్య ప్లేఆఫ్ ఉండేది. దానికి ముందు అందరి పాయింట్లూ సగం చేసేవాళ్లు. అంటే మన వన్‌టైమ్ సెటిల్‌మెంట్లో హెయిర్‌కట్! 77లో సగం ముప్పై ఎనిమిదిన్నర, పైకి సవరించి 39. బ్రుగెకి 36. ఐదు పాయింట్ల ఆధిక్యం మూడైంది. ప్లేఆఫ్‌లో బ్రుగె దాన్ని కూడా దాటేసింది.

మరుసటి ఏడు ఇంకా ఘోరం. 2023 జూన్ 4, ఆఖరి రోజు. బ్రుగె మీద యూనియన్ ఒక గోలు ముందుంది. ఎనభై తొమ్మిదో నిమిషం దాకా ఛాంపియన్లు వీళ్లే. ఆ తర్వాత నిమిషాల్లో మూడు గోల్స్ తిన్నారు. ఇటు వీళ్లు కూలుతుంటే టైటిలు గెంక్ చేతికి పోయింది. అక్కడ గెంక్ మైదానంలో తొంభై నాలుగో నిమిషంలో ఆంట్‌వెర్ప్ ఆటగాడు ఆల్డర్‌వైరెల్డ్ ఒక్క షాట్ కొట్టాడు. పది నిమిషాల్లో కప్పు మూడు చేతులు మారి ఒకటో నంబరు క్లబ్బు దగ్గరికి చేరింది. మా పెద్దాయన వారం రోజులు తలుపు తియ్యలేదని అమ్మాయి చెప్పింది.

2024లో బెల్జియన్ కప్పు గెలిచారు, 1914 తర్వాత మొదటిసారి. ఆ మరుసటి ఏడాది లీగులో మూడో స్థానంలో ఉండి ప్లేఆఫ్‌కి వెళ్లారు. గెంక్‌కి 68, బ్రుగెకి 59, వీళ్లకి 55. ఈసారి హెయిర్‌కట్ వీళ్లకే కలిసొచ్చింది. పదమూడు పాయింట్ల దూరం ఆరయింది. 2025 మే 25న గెంట్ జట్టును 3–1తో ఓడించి ఛాంపియన్లయ్యారు. 1935 తర్వాత, తొంభై ఏళ్లకి.

ఇప్పుడు ఆ ముందుగోడ సంగతి. పెద్ద యూరోపియన్ పోటీలకు ఆ మైదానం చాలదు. అందుకని సొంత ఊళ్లో ఆడాల్సిన మ్యాచిలు ఒక ఏడాది లూవెన్ ఊళ్లో, ఆ తర్వాత ఆండర్లెక్ట్ వాళ్ల స్టేడియంలో అద్దెకి ఆడారు. ఛాంపియన్స్ లీగులో అడుగుపెట్టిన మొదటి మ్యాచిలోనే పీఎస్‌వీని వాళ్ల గడ్డ మీద ఓడించిన జట్టుకు, సొంతింట్లో చుట్టాలకి చోటు లేదు. ఫోరేలోనే బెంప్ట్ అనే చోట కొత్త స్టేడియం కట్టాలని ప్లాను. మా పెద్దాయనకి అది ఇష్టం లేదు, కట్టకపోయినా ఇష్టం లేదు. ఆ చెట్ల మధ్య బురదదారి ఉండదు కదా అంటాడు. మరి క్లబ్బు పైకి ఎదగకూడదా అంటే, ఎదగాలి అంటాడు.

మే 25 రాత్రి, మనకి నడిరాత్రి దాటాక, మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. తెరంతా పసుపు, నీలం జెండాలు. ఆయన ఫోను తీసుకుని ఫ్రెంచిలో ఏదో గట్టిగా అన్నాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ‘దీస్’ అన్న మాట తప్ప. దీస్ అంటే పది. అదిగో, టీ వచ్చింది. ప్రశ్నలుంటే టీ తాగుతూ అడగండి.