యుద్ధకాలమున తుపాకి తయారైన విధము



మా విద్యార్థిదశలో ఎన్.సి.సి. కవాతునందు మాకిచ్చిన 303 తుపాకిని మీలో కొందరును మోసియుందురు. భుజము నొప్పి తప్ప దాని చరిత్రను ఆనాడు మేమెరుగము. నేడు దానినే మనవి చేయుచున్నాము.

దానిపేరు లీ-ఎన్‌ఫీల్డు. గడియను చేతితో వెనుకకు లాగి ముందుకు త్రోసినగాని మరియొక తూటా గొట్టములోనికి రాదు. ఆ గడియను కల్పించినవాడు జేమ్స్ పారిస్ లీ; ఎన్‌ఫీల్డు ఇంగ్లండునందు ప్రభుత్వపు తుపాకుల కర్మాగారముండిన ఊరు. 1907లో ఆమోదింపబడిన మూడవ మార్కు తుపాకి మిక్కిలి నాణ్యమైనదే గాని, దాని తయారీకి పని యెక్కువ. 1914లో యుద్ధము రాగా అంత తీరిక లేకపోయెను. కావున 1916లో తూటాల పెట్టెను మూయు రేకును, అతిదూరపు గురికై ప్రక్కన అమర్చిన సాధనమును తొలగించిరి. కందకముల యుద్ధమున వాటితో అంతగా పని లేదు.

రెండవ ప్రపంచయుద్ధమున పొదుపు ఇంకను హెచ్చెను. నాలుగవ నంబరు తుపాకికి వాల్‌నట్ కొయ్య చాలక బర్చి, బీచి కొయ్యలు వాడిరి. పెక్కింటికి సవరించు గురిపలకకు మారుగా 300, 600 గజములకు రెండే రంధ్రములుగల రేకు నమర్చిరి. గొట్టము లోపల అయిదు గాడులకు బదులు కొన్నింట రెండే తీసిరి. 1940 నవంబరు 19 రాత్రి బర్మింగ్‌హామునందలి బి.ఎస్.ఎ. కర్మాగారముపై బాంబులు పడి 53 మంది పనివారు మరణించిరి. వారును సిపాయిలవలెనే యుద్ధమున పోయినవారని మా తలంపు. ఇంగ్లండునందే గాక, కెనడాలోని లాంగ్ బ్రాంచియందును, అమెరికాలోని చికొపీ ఫాల్సునందును ఇవే తుపాకులు తయారయ్యెను.

అయితే ఒకచోట మాత్రము పొదుపు చెల్లలేదు. గడియ తలకును తూటా అడుగునకును నడుమ సందు మితిమీరిన యెడల, ప్రేలునపుడు తూటా గుల్ల చీలి వేడి ఆవిరి వెనుకకు, అనగా కాల్చువాని మొగముకడకు రావచ్చును. అందుచే గడియ తలలను సున్న మొదలు మూడు వరకు నాలుగు కొలతలలో చేసి, ఒక్కొక్క తుపాకిని కొలతబిళ్ళలతో పరీక్షించి, తగిన తలను బిగించెడివారు. కొయ్య నునుపు తగ్గిన సిపాయికి వచ్చు నష్టము లేదు. ఈ కొలత తప్పిన కన్ను పోవును.

మనదేశమున ఈ తుపాకులను చేసినది ఇషాపూరు. ఒరిస్సా సరిహద్దున ఉన్న మన ఇచ్ఛాపురమని పొరబడవలదు. ఇది కలకత్తా చేరువలోనిది. రెండవ యుద్ధమున సయితము అచ్చట పాత మూడవ మార్కునే చేసిరి. 1962 చైనా యుద్ధానంతరము ఆ రూపమునే 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చిరి.

మేము మోసిన తుపాకిపై ఏ కర్మాగారపు ముద్రయుండెనో, ఏ సంవత్సరము చెక్కియుండెనో, ఆనాడు మేము చూడనైతిమి.