కమానులో దాచిన బలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున పోతనగారిని గూర్చియో తిక్కనగారిని గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కొందరు మిత్రులు కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ బల్లల చెంతనే కావ్యములు చదువుకొన్న నాకు అదియే సులభము. కాని ఈ సభలో సగము మంది ఉదయము ఏదో ఒక యంత్రమును నడిపి వచ్చినవారే. కనుక చిన్న ఇంజనును మేల్కొలుపు స్ప్రింగును గూర్చి చెప్పదలచితిని. కావ్యప్రియులు మన్నింతురు గాక. వారికిని నడుమ ఒక విల్లు కనబడును.

ఇంజను వింత సేవకుడు. నడచుచున్నంతసేపు తన బలమును తానే పుట్టించుకొనును. నిలిచిన తరువాత మాత్రము మొదటి చుట్టు మరియొకరు త్రిప్పి పెట్టవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు మాగ్నెటో తగిన వేగముతో తిరిగినగాని పనిచేయదు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వయే లేదు. పిస్టను అదిమిన గాలి వేడికే నూనె అంటుకొనును. మెల్లగా అదిమినచో గాలి కొంత సందులనుండి జారిపోవును, వేడి ఇనుములో ఇంకిపోవును. కావున బలమొక్కటియే చాలదు. బలమును వేగమును ఒక్క క్షణమున కలిసి రావలెను.

పాత ఆయిలు ఇంజనుకు హేండిలు వేసి త్రిప్పిన పెద్దలు ఇచట పలువురు కలరు. డీకంప్రెషను మీట ఎత్తి, బరువైన చక్రమునకు వేగము వచ్చువరకు త్రిప్పి, ఒక్కసారిగా మీట వదలుదురు. ఆ వేళ మంట ముందుగా అంటుకొని పిస్టను వెనుకకు నెట్టినచో హేండిలు ఎదురు తన్నును. మణికట్టు విరిగినవారు లేకపోలేదు. అందుచేతనే బొటనవ్రేలిని హేండిలు చుట్టు బిగింపక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచుమని నేర్పుదురు. నా చిన్నతనమున మా వీధిలో ఒక ఇంట హేండిలు త్రిప్పగల కుమారుడు పది దినములు పట్నము పోయెను. బావిలో నీరున్నది, డబ్బాలో నూనె ఉన్నది, మిరపతోట మాత్రము వాడిపోవుచున్నది. అతని తల్లి ప్రతి సాయంకాలము ఎవరినో ఒకరిని బ్రతిమాలుకొనుచుండెను. ఆమెకు కొరవడినది అరనిమిషపు కండబలము మాత్రమే.

ఆ అరనిమిషపు బలమును ముందుగా కొంచెము కొంచెముగా కూడబెట్టుకొనవచ్చునా? వచ్చును. మనవారు స్ప్రింగును కమాను అందురు గదా. పారసీక భాషలో కమాను అనగా విల్లు. పేరు పెట్టిన అజ్ఞాత పండితుడెవరో గాని, సంగతి నెరిగినవాడే. విలుకాడు వింటిని నెమ్మదిగా లాగును. బాణము నెమ్మదిగా పోదు.

లెక్కల వాడను గనుక ఒక లెక్క చూపెదను. పదిహేను సెంటీమీటర్ల పొడవు గల పిడిని 5 కిలోల ఒత్తిడితో పది చుట్లు త్రిప్పితిమనుకొందము. ఒక చుట్టునకు చేయి నడచు దూరము సుమారు 94 సెంటీమీటర్లు. పది చుట్లకు పని 47 కిలోగ్రామ్ మీటర్లు. దీనికి 20 సెకండ్లు పట్టినచో మన చేయి చూపినది అశ్వశక్తిలో ముప్పదిరెండవ వంతు మాత్రమే. అదే పనిని స్ప్రింగు అర సెకండులో తిరిగి ఇచ్చినచో ఒకటింబావు అశ్వశక్తి! రాపిడిలో కొంత పోవును, నిజమే. స్ప్రింగు ఒక్క పైసయు అదనముగా చేర్చదు. వాయిదాలుగా కట్టినదానిని ఒక్క మొత్తముగా చెల్లించును, అంతే.

ఈ ఉపాయమును అమెరికాలో బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ 1960ల ఆరంభమున పెరటి గడ్డి కోయు యంత్రములకు అమర్చినది. ఇంజను నెత్తిన మడత పిడి ఉండును. గడియారమునకు కీ ఇచ్చినట్లు త్రిప్పి, పిడి మడిచి, మీట వదలినచో ఇంజను గిరగిర తిరిగి అంటుకొనును. తరువాత తాడు లాగుటయే తేలిక చేయు మార్గములు వచ్చుటచే ఈ పద్ధతి వెనుకబడినది.

డీజిలు ఇంజనులకు పలుచని సన్న స్ప్రింగు చాలదు. నడుమ రంధ్రము గల ఉక్కు పళ్లెములను వరుసగా పేర్చి, పిడి త్రిప్పి వానిని అదుముదురు. మీట వదలగనే ఆ పళ్లెములు విచ్చుకొని ఒక పండ్లచక్రమును త్రిప్పును. అది ఇంజను చక్రపు పండ్లను పట్టుకొని లాగును. బ్యాటరీ అక్కరలేదు. ఓడలపై ఉండు ప్రాణరక్షక పడవలకు ఇట్టివి అమర్చుదురు. ఆ పడవ ఇంజను సున్నకు 15 డిగ్రీలు దిగువనున్న చలిలో సైతము రెండు నిమిషములలో ప్రారంభము కావలెనని అంతర్జాతీయ నౌకా నియమము. మునుగు ఓడనుండి దిగిన మనుష్యుని వణకు చేతులను తలచుకొనుడు. బ్యాటరీ నెలల తరబడి ఊరకే ఉండి చచ్చిపోవచ్చును. ఈ యంత్రమునకు అప్పటికప్పుడు త్రిప్పు చేయి ఒక్కటి చాలును.

ఇక మన ఊరి సంగతి. తైవాను స్ప్రేయరుకు, గడ్డికోత యంత్రమునకు తాడు లాగుదుము గదా, లోపల స్ప్రింగున్నదని అది కమాను స్టార్టరనుకొనరాదు. ఆ స్ప్రింగు పని తాడును వెనుకకు చుట్టుట మాత్రమే; ఇంజనును త్రిప్పునది మీ చేయియే. కొన్ని క్రొత్త యంత్రములలో తాడు చుట్టుకొను చక్రమునకును ఇంజను ఇరుసునకును నడుమ రెండవ స్ప్రింగొకటి ఉండును. జర్మనీలోని స్టిల్ సంస్థ దీనికి ఎర్గోస్టార్ట్ అని పేరుపెట్టినది. తాడు మెల్లగా లాగుచుండగా ఆ స్ప్రింగు బిగియును. పిస్టను ఎదిరింపును దాటునంతటి బలము చేరగనే తానే ఇంజనును త్రిప్పును. భుజము నొప్పి గలవారును, చిన్న శరీరము గల స్త్రీలును ఇట్టిది చూచి కొనుట మేలు. వెల కొంత ఎక్కువ కావచ్చును. లాగలేని యంత్రము ఎంత చౌకయైన నేమి?

ఒక హెచ్చరిక. దాచిన బలము మనము మరచినను తాను మరువదు. స్ప్రింగు చుట్టియుండగా గడ్డి చిక్కుకొని బ్లేడు ఆగినదనుకొనుడు. చేతితో ఆ గడ్డిని తీసిన క్షణముననే బ్లేడు తిరుగును. ముందు ప్లగ్గు తొడుగు తీయవలెను, స్ప్రింగును వదలవలెను, పిమ్మట చేయి పెట్టవలెను. తాడు తెగినదని డబ్బీ మూత విప్పు పిల్లలకును ఇదే మాట. చుట్టబడిన ఉక్కుపట్టీ కంటికే ఎగురును. లాగిన తాడును చేతినుండి జారవిడువక, పట్టుకొని వెనుకకు పంపవలెను. తాడును పిడియు చిరకాలము మన్నును.

ఈ మాటలన్నియు యంత్రముతోడి చిన్నపుస్తకములలో ఉండును. అవి తరచు ఇంగ్లీషులో ఉండుటచే పెట్టెతోపాటు చూరున చేరుచున్నవి. ఆ పుస్తకములను ఒక్కొక్క ప్రతి గ్రంథాలయమునకు తెచ్చి ఇండు. రెండు స్ప్రేయర్లకును ఒక గడ్డికోత యంత్రమునకును సంబంధించిన జాగ్రత్తల పుటలను నేను తెనుగున వ్రాసి పెట్టితిని. పంచాంగముల బీరువా క్రింది అరలో, ఎఱ్ఱ అట్ట పుస్తకము. ఇంటికి తీసికొనిపోవువారు రిజిస్టరులో సంతకము చేయుడు.