ద్రాక్షతోట చూడబోయే ముందు

(బరంపురంలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి కూడిక అయ్యాక ఒక తమ్ముడు ఫోనులో ఫోటోలు చూపించాడు. అతని స్నేహితులు నాసిక్ వెళ్ళి, ఒక వైనరీలో తొట్టిలోకి దిగి కాళ్ళతో ద్రాక్షలు తొక్కుతున్నారు. "అయ్యగారూ, మేమూ వెళ్దామనుకుంటున్నాం. వెళితే పాపమా?" అని అడిగాడు. ఆలోచించి చెబుతామన్నాం. ఈ రోజు చెబుతున్నాం.

ఇలాంటి యాత్రలు ఇప్పుడు మన దేశంలోనూ మామూలయ్యాయి. నాసిక్‌లో సులా సంస్థ 2005లోనే సందర్శకులకు వైన్ రుచి చూపే గది తెరిచింది. బెంగళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్ తోటలున్నాయి. హంపి కొండల దగ్గర క్రస్మా ఎస్టేట్స్‌ను నెలకొల్పింది మన తెలుగు దంపతులే. తోట చూడటం పాపం కాదు. ద్రాక్షతీగె దేవుని సృష్టి. కానా పెళ్ళిలో ప్రభువు ఆరు రాతి బానల నీళ్ళను ద్రాక్షారసంగా మార్చి ఆ ఇంటి పరువు నిలిపాడు. అదే బైబిలులో, మొదటి ద్రాక్షతోట వేసిన నోవహు తాగి తన గుడారంలో పడి ఉన్న సంగతీ ఉంది. రెండూ మరచిపోవద్దు.

కానీ "తాగవచ్చా, తాగకూడదా" అనే ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. యెషయా 5వ అధ్యాయం చదవండి. దేవుడు శ్రద్ధగా నాటిన తోట కారుద్రాక్షలు కాసింది. ఆయన న్యాయం కోసం చూస్తే బాధితుల కేక వినబడింది. ఆ వెంటనే ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకునేవారికి శ్రమ అంటాడు ప్రవక్త. ఆ తరువాత పొద్దున్నే లేచి మద్యం వెంట పడేవారికి శ్రమ అంటాడు. తోట, భూమి, మద్యం: మూడింటినీ కలిపే చూశాడు ఆయన.

దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్ అనే ఊరు ఉంది. 1971 నుండి అక్కడ వైన్ యాత్రా మార్గం నడుస్తోంది. చూడటానికి ఎంతో అందమైన ప్రాంతం. ఆ కేప్ ప్రాంతపు తోటల్లోనే తరతరాలుగా కూలీలకు జీతంలో కొంత భాగం వైన్‌గా పోసేవారు. దాన్ని 'డాప్' పద్ధతి అన్నారు. చట్టం వద్దన్నాక కూడా చాలాకాలం సాగింది. తల్లి కడుపులోనే మద్యం వల్ల దెబ్బతిని పుట్టే పిల్లలు ప్రపంచంలో ఎక్కువగా కనిపించే చోట్లలో ఆ ప్రాంతం ఒకటి. యాత్రికుడి ఫోటోలో ఈ పిల్లలు ఉండరు.

మరి మన గంజాం సంగతి? 2024 ఆగస్టులో చికిటి ప్రాంతంలో నాటుసారా తాగినవారిని మన ఎం.కె.సి.జి. ఆసుపత్రికి తెచ్చారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఒకరు గాజు గ్లాసు తిప్పుతూ వాసన చూసి మెచ్చుకుంటే సంస్కారం అంటున్నాం. ఇంకొకరు పగలంతా మట్టి మోసి సాయంత్రం ప్లాస్టిక్ ప్యాకెట్టు కొరికితే తాగుబోతు అంటున్నాం. ఇద్దరి దగ్గరా డబ్బు చేసుకునేవారి గురించి మాత్రం మాట్లాడం. ఆ రెండో మనిషి భార్యను మన సంఘంలో వెనక వరుసలో కూర్చోబెట్టి ఓదార్చి పంపిస్తున్నాం. అది చాలదు.

ఓదార్పుతో సరిపెట్టుకోని ఆడవాళ్ళు ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. వాళ్ళ చేతిలో పలకా బలపం తప్ప ఏముంది?

అందుచేత తమ్ముడూ, వెళ్ళాలనుకుంటే వెళ్ళు. కానీ మత్తయి 20వ అధ్యాయం చదివి వెళ్ళు. ఆ కథలో యజమాని సాయంకాలం వచ్చినవాడికి కూడా ఇంటికి చాలినంత కూలి ఇచ్చాడు. నువ్వూ అక్కడ అడుగు: ఈ కాయలు కోసేవారు ఏ ఊరివారు? రోజుకు ఎంత ఇస్తారు? ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటేనా? వాళ్ళ పిల్లలు బడికి వెళ్తున్నారా? మన గంజాం బిడ్డలు సూరత్ మగ్గాల దగ్గర ఎలా బతుకుతున్నారో తెలిసిన మనకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. అక్కడ గ్లాసు చేతికిస్తే, ఇంట్లో తాగుడుతో పోరాడుతున్న నాన్ననో అన్ననో తలచుకుని వద్దనడం చిన్నతనం కాదు. అది ప్రేమ.

ఆ ప్రయాణానికి ముందు మరో ప్రయాణం ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మేము సారా వల్ల దెబ్బతిన్న కుటుంబాల దగ్గరికి వెళ్తున్నాం. మనం ప్రభువు బల్లలో చేయి చాచే ఆ చిన్న గిన్నె వాళ్ళది కూడా. ఎవరెవరు వస్తారు?

న్యాయం కోసం ఎదురుచూసే దేవుడు మనలో కారుద్రాక్షలు కాక మంచి ఫలాలు చూచును గాక. ఆమేన్.