మేటి జట్ల ఎదుట భారత ఫుట్‌బాల్

1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు యుగొస్లావియాతో తలపడి 10–1 తేడాతో ఓడిపోయింది. చలికి అలవాటులేని దేహాలు; ఆటగాళ్ళలో ఎక్కువమంది పాదాలకు బూట్లు లేవు. ఆ ఓటమి తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్ళు గడిచాయి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో తిరిగి ఆ యుగొస్లావియాయే ఎదురైంది. ఈసారి తొలి గోలు భారత జట్టుది. చేసినవాడు నెవిల్ డిసౌజా. తరువాత యుగొస్లావియా పుంజుకొని 4–1తో గెలిచింది. కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి భారతదేశం నాల్గవ స్థానంతో సరిపెట్టుకుంది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే.

ఓటమి ఓటమే. కాని పది గోల్స్ సమర్పించుకొని ఓడడానికీ, ముందంజ వేసి ఆపైన ఓడడానికీ మధ్య ఉన్న దూరం బూట్లు తొడుక్కున్నంత మాత్రాన తరిగేది కాదు. ఆ నాలుగేళ్ళలో ఏమి జరిగింది? అటుపిమ్మట ఏమి జరగక ఆ దూరం మళ్ళీ పెరిగింది? ఈ ప్రసంగంలో పరిశీలించదలచిన విషయం ఇదే.

ఈ ప్రశ్నకు వాడుకలో ఉన్న జవాబులు కొన్ని ఉన్నాయి. మనవారు పొట్టివారని, తిండి చాలదని, క్రికెట్టు తక్కిన ఆటలనన్నింటినీ మింగివేసిందని. వీటిలో మొదటిది నిలిచే వాదన కాదు. జపాను ఆటగాళ్ళు ఐరోపావారికన్న పొడగరులేమీ కారు. అయినా 1998 నుండి వరుసగా ప్రపంచ కప్ పోటీలలో పాల్గొంటున్నారు. తక్కిన రెండింటిలో కొంత నిజం లేకపోలేదు, కాని అవి అసలు ప్రశ్న పక్కగా వెళ్ళిపోతాయి. ధైర్యం చాలదనే మాట మాత్రం బొత్తిగా అన్యాయం. 1962 జకార్తా ఆసియా క్రీడలలో రక్షణ శ్రేణికి చెందిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఫైనల్‌లో అతడినే ముందు వరుసలో ఆడించారు. అతడు గోలు కొట్టాడు. మొదటి ఆటలో తమను 2–0తో ఓడించిన దక్షిణ కొరియాను ఆనాడు భారత జట్టు 2–1తో జయించి స్వర్ణ పతకం గెలుచుకుంది.

అసలు లోపం ఎక్కడున్నదో తెలియడానికి 2019లో ఐదు వారాల వ్యవధిలో జరిగిన రెండు ఆటలు చాలు. ఆ ఏడాది సెప్టెంబరు 10న దోహాలో భారత జట్టు కతార్‌తో ఆడింది. కతార్ అప్పటికి ఆసియా విజేత. సారథి సునీల్ ఛెత్రీ అనారోగ్యం వలన దిగలేదు. కతార్ ఆటగాళ్ళు తెరపి లేకుండా గోలు మీదికి వస్తూనే ఉన్నారు. గోల్‌కీపరు గుర్‌ప్రీత్ సింగ్ సంధూ ఆపుతూనే ఉన్నాడు. ఆట 0–0తో ముగిసింది. దేశమంతటా హర్షం వ్యక్తమైంది. అక్టోబరు 15న కలకత్తా సాల్ట్ లేక్ మైదానంలో, కిక్కిరిసిన స్వదేశీయుల నడుమ, ర్యాంకులలో ఎంతో దిగువన ఉన్న బంగ్లాదేశ్ ఎదురైంది. ఆ జట్టు ముందుగా గోలు చేసింది. చివరి నిమిషాలలో కార్నర్ నుండి వచ్చిన బంతిని ఆదిల్ ఖాన్ తలతో గోలులోకి మళ్ళించగా ఆట 1–1తో సమమైంది.

బలవంతుని నిలువరించగలిగిన జట్టు బలహీనుని ఎందుకు గెలవలేకపోయింది? నిలువరించడం వేరు, నిర్మించడం వేరు. దోహాలో బంతి ఎదుటివారి వద్ద ఉన్నది; మనవారు చేయవలసినది అడ్డుపడడం. కలకత్తాలో బంతి మనవారి వద్ద ఉన్నది. దానితో ఏదో ఒకటి చేయవలసి వచ్చింది. అక్కడే చిక్కు.

ఈ చిక్కును కొంత వివరంగా చూడాలి. మేటి ఆటగాడు తన వైపు బంతి వచ్చేలోగానే తల తిప్పి చుట్టూ చూస్తాడు. వెనుక ఎవరున్నారు, ఖాళీ ఎటు ఉన్నది, తోటివాడు ఎక్కడికి పరుగెత్తుతున్నాడు అన్నది బంతి అందకముందే అతనికి తెలుసు. దేహాన్ని పక్కకు తెరచి నిలుచుంటాడు. బంతి పాదానికి తాకిన తొలి స్పర్శలోనే అది ప్రత్యర్థికి దూరంగా, తాను పోదలచిన దిక్కుకు జరుగుతుంది. రెండవ స్పర్శతో మరొకరికి చేరుతుంది. ఈ మొత్తం పని రెప్పపాటు. ఇదే నేర్పు చాలని ఆటగాడికి బంతిని ఆపడానికి ఒక స్పర్శ, సర్దుకోవడానికి మరొకటి, తలెత్తి చూడడానికి ఇంకొంత సమయం కావాలి. అంతలోనే ప్రత్యర్థులు ఇద్దరు మీదికి వచ్చి ఉంటారు. గత్యంతరంలేక బంతిని పొడవుగా కొడతాడు. అది తిరిగి ఎదుటివారికే దక్కుతుంది.

తొంభై నిమిషాలలో ఇలా ఎన్ని పర్యాయాలు జరిగితే అన్ని పర్యాయాలు జట్టంతా వెనుకకు పరుగెత్తి రక్షణకు దిగాలి. బంతిని వెంటాడే కాళ్ళు, బంతిని తిప్పే కాళ్ళకంటె త్వరగా అలసిపోతాయి. చాలామంది దమ్ము చాలకపోవడం అనుకునేది నిజానికి నేర్పు చాలకపోవడం. దమ్ము పెంచే కసరత్తు ఎంత చేసినా ఈ లోటు పూడదు. ఆఖరి ఘట్టంలో చేజారిన ఆటలకు ఇదే కారణమని తోస్తుంది. 2019 జనవరిలో ఆసియా కప్‌లో థాయిలాండును 4–1తో ఓడించిన భారత జట్టుకు చివరి ఆటలో బహ్రెయిన్‌తో సమం చేసుకున్నా తరువాతి దశ దక్కేది. తొంభై నిమిషాలు నిలిచింది. ఆపైన అదనపు సమయంలో పెనాల్టీ, గోలు, ఇంటిముఖం. 2024 ఆసియా కప్‌లో ఆస్ట్రేలియాను మొదటి సగమంతా గోలు లేకుండా ఆపి, రెండవ సగంలో రెండు గోల్స్ ఇచ్చుకుంది. ఉజ్బెకిస్తాన్ చేతిలో 3–0, సిరియా చేతిలో 1–0. మూడు ఆటలు ఆడి ఒక్క గోలైనా చేయలేకపోవడం ఇచ్చిన గోల్స్ సంఖ్యకంటె ఎక్కువ ఆలోచింపజేయవలసిన విషయం.

ఇక 1952కూ 1956కూ నడుమ జరిగినదేమిటో చూద్దాం. ఆ కథకు నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. ఆయనను చాలామంది రహీం సాహెబ్ అనే పిలిచేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆయన పద్ధతులు చూడడానికి అతి సామాన్యం. బంతితో ఎవరూ ఒంటరిగా పరుగు తీయరాదని, అందిన వెంటనే ఇతరులకు అందించాలని నియమం పెట్టి పోటీలు నడిపించేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలని మరికొన్ని పోటీలు. కుడి కాలివాడు ఎడమ కాలితోనే ఆడవలసి వస్తే మొదటి రోజున నవ్వులపాలవుతాడు. కొన్ని నెలలకు రెండు కాళ్ళవాడవుతాడు. పైన చెప్పిన తొలి స్పర్శ, ముందుచూపు అనే రెండింటినీ సాధించే మార్గం ఇంతకంటె మరొకటి లేదు. ఉపన్యాసంతో అవి రావు. బడిపంతులు ఎక్కం వల్లె వేయించినట్లు వల్లె వేయించాలి.

మెల్బోర్న్ వెళ్ళిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ హైదరాబాదు–సికింద్రాబాదు జంటనగరాల వారు. వారితోపాటు బెంగాలీలు, బొంబాయివారు, మరికొందరు. ఇంటి భాషలు వేరైనా ఆట భాష ఒకటే కావడానికి జట్టులో కొందరైనా ఒకే గురువు చేతికింద ఏళ్ళ తరబడి ఆడినవారై ఉండడం ఎంతో ఉపకరించింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, తరువాత కాంస్యం గెలిచిన హంగరీకి ఆ జట్టు 2–1 తేడాతో మాత్రమే లొంగింది. ఫ్రాన్సును 1–1తో ఆపింది. 1963 జూన్‌లో రహీం కాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. ఆయన పాఠాలను దేశంలోని ఇతర శిక్షకులందరికీ అందించే ఏర్పాటేదీ అప్పటికి లేదు. ఒక మనిషితో వచ్చిన విద్య ఒక మనిషితో పోయింది.

సరిగ్గా ఆ కాలంలోనే జపాను మరో దారి పట్టింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు సన్నాహంగా 1960లో జర్మన్ శిక్షకుడు డెట్‌మార్ క్రామర్‌ను పిలిపించుకొంది. ఆయన జాతీయ జట్టుకు శిక్షణ ఇవ్వడంతో ఆగక, శిక్షకులకు శిక్షణ ఇవ్వాలని, ఏడాది పొడుగునా సాగే లీగ్ ఉండాలని సూచించాడు. 1965లో అటువంటి లీగ్ మొదలైంది. 1968లో మెక్సికోలో జపానుకు ఒలింపిక్ కాంస్యం లభించింది. 1993లో వృత్తి క్రీడాకారుల లీగ్ వచ్చింది. భారతదేశంలో జాతీయ స్థాయి లీగ్ మొదలైనది 1996లో. 1950లలో అంతర్జాతీయ ఆట తొంభై నిమిషాలు కాగా మన దేశవాళీ ఆటలు డెబ్బై నిమిషాలతోనే ముగిసేవి.

2014లో ప్రారంభమైన ఇండియన్ సూపర్ లీగ్ మంచి మైదానాలనూ, మంచి వేతనాలనూ, ప్రేక్షకులనూ తెచ్చింది. కాదనలేము. కాని మొదటి సంవత్సరం ఒక్కొక్క జట్టు ఆడిన లీగ్ ఆటలు పద్నాలుగు మాత్రమే. పదకొండు మందిలో ఆరుగురి వరకు విదేశీయులు ఉండవచ్చునన్నారు. ఆ సంఖ్య క్రమంగా నాలుగుకు తగ్గినా, క్లబ్బులు విదేశీయులను ప్రధానంగా ఏ స్థానాలలో ఆడించాయన్నది గమనించాలి: గోలు కొట్టే స్థానంలోను, దాడిని నిర్మించే మధ్య శ్రేణిలోను. భారతీయుడికి అంచులూ, వెనుక వరుసా మిగిలాయి. 2024 జూన్‌లో ఛెత్రీ 94 అంతర్జాతీయ గోల్స్‌తో విరమించినపుడు ఆ స్థానానికి వారసుడు కానరాలేదు. 2025 మార్చిలో నలభై ఏళ్ళ వయసున అతడినే మళ్ళీ పిలువవలసి వచ్చింది. ఆ ఏడాది హాంకాంగ్, సింగపూర్‌ల చేతిలో ఓడి భారతదేశం 2027 ఆసియా కప్ అర్హత కోల్పోయింది. వాణిజ్య హక్కుల ఒప్పందం చిక్కుల్లో పడి ఆ సంవత్సరమే లీగ్ కూడా సకాలంలో మొదలు కాలేదు.

జాతీయ శిక్షకునికి ఆటగాళ్ళు ఏడాదిలో కొద్దిపాటి రోజులు మాత్రమే దొరుకుతారు. ఆ రోజులలో ఎవరెక్కడ నిలబడాలో నేర్పవచ్చు. ఇరవై అయిదేళ్ళవాని పాదానికి కొత్త స్పర్శ నేర్పడం అసాధ్యం. పన్నెండేళ్ళలోపు పట్టుబడవలసిన విద్య అది. 2017లో మన దేశంలోనే జరిగిన పదిహేడేళ్ళలోపు బాలుర ప్రపంచ కప్ దీనికి తార్కాణం. కొలంబియాపై జీక్సన్ సింగ్ తలతో చేసిన గోలు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చరిత్రలో భారతదేశపు మొదటి గోలు. ఢిల్లీ మైదానం దద్దరిల్లింది. ఆ ఆనందం ఒక్క నిమిషమే. మరుక్షణం కొలంబియా ముందు దూకింది. గమనించవలసినదేమంటే, ఈ గోలు కూడా కార్నర్ బంతి నుండి వచ్చినదే.

ఆ ఇరవై ఒక్కమంది బాలురలో ఎనిమిది మంది మణిపురివారు. అంత చిన్న రాష్ట్రం అంతమందిని ఇచ్చిందంటే అక్కడి పిల్లలు ఊరి మైదానంలో పసితనం నుండే బంతితో మెలగడమే ప్రధాన కారణం. మిజోరంలోనూ అంతే, 2017లో ఐజ్వాల్ క్లబ్బు కలకత్తా, బెంగుళూరు జట్లను వెనుకకు నెట్టి ఐ–లీగ్ గెలిచింది. కేరళలో మలప్పురం జిల్లాలో ఏడుగురేసి ఆడే ‘సెవెన్స్’ పోటీలకు జనం విరగబడి వస్తారు. ఆ ఆట విశాలమైన మైదానంలో చోటు చూసుకోవడం నేర్పదని శిక్షకుల ఫిర్యాదు. నిజమే కావచ్చు. కాని ఇరుకు చోట బంతి మీద పట్టు నేర్పడంలో దానికి సాటి తక్కువ. హైదరాబాదు విషయం విచారకరం. రోవర్స్ కప్పులు గెలిచిన ఊరికి పేరుపడిన క్లబ్బు మళ్ళీ 2019లో గాని ఏర్పడలేదు. అది 2022లో సూపర్ లీగ్ విజేత అయింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

పాఠశాలలలో జరిగేది చూస్తే లెక్క తేలికగా తేలుతుంది. ఆటల పీరియడులో ఇరవై ఇద్దరు పిల్లలకు ఒక బంతి ఇచ్చి అరవై నిమిషాలు వదిలితే, సమంగా పంచినా ఒక్కొక్కరికి మూడు నిమిషాలైనా బంతి అందదు. నిజానికి చురుకైనవారు నలుగురు ఆడతారు, తక్కినవారు పరుగెత్తుతారు. అదే మైదానాన్ని నాలుగు భాగాలు చేసి, నాలుగు బంతులిచ్చి, ముగ్గురేసి ఆడిస్తే ప్రతి పిల్లవాడూ పదే పదే బంతిని ఆపాలి, చూడాలి, ఇవ్వాలి. దీనికి పెద్ద మైదానం, గోలు స్తంభాలు అక్కరలేదు. మరో మూడు బంతులు కావాలి. ముగ్గురి ఆట సాగుతుంటే విజిల్ ఊదక ఓపికగా చూసే ఉపాధ్యాయుడు కావాలి.

2023 నవంబరులో భువనేశ్వర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య సహకారంతో ఒక అకాడమీ మొదలైంది. ప్రసిద్ధ శిక్షకుడు ఆర్సెన్ వెంగర్ స్వయంగా వచ్చాడు. అక్కడ చేరే బాలుడు పదమూడు పద్నాలుగేళ్ళ వాడు. అప్పటికే అతడు ఏడెనిమిది సంవత్సరాలు ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక బడి వెనుక ఖాళీ స్థలంలో, ఒక బంతి చుట్టూ ఇరవై మందిలో ఒకడుగా పరుగెత్తి వచ్చి ఉంటాడు.