లెక్కకు అందని మనిషి కోసం



పట్టభద్రులందరికీ ముందుగా అభినందనలు. మీలో వైద్యులున్నారు, నర్సులున్నారు, గణాంకశాస్త్రం చదివినవారు, కంప్యూటర్ ఇంజినీర్లు, ప్రభుత్వ పాలన చదివినవారు ఉన్నారు. మీ చదువులన్నీ ఒకేచోట అవసరపడే కార్యాలయం ఒకటుంది. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖలో సాంకేతికతను, సమాచార విశ్లేషణను చూసుకునే విభాగం అది. నేను పనిచేసేది అక్కడే. గోడ నిండా తెరలు, తెరల నిండా గ్రాఫులు చూసి, అంకెలు పోగేయడమే అక్కడి పని అనుకుంటారు చాలామంది. లెక్కలోకి రాని మనిషి ఎవరో కనిపెట్టి, ఆ మనిషి దాకా వైద్యాన్ని పంపడం మా పని. అది ఎలా జరుగుతుందో, అందులో మీ అవసరం ఎంత ఉందో చెప్పాలని వచ్చాను.

ఒక అంకె పుట్టుక నుంచి మొదలుపెడతాను. పల్లెలో ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం ఒక గర్భిణి ఇంటికి వెళ్లి బరువు, రక్తపోటు చూస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తుంది. ఆ వివరాలు రిజిస్టర్‌లోకి, ట్యాబ్‌లోకి ఎక్కుతాయి. ఉపకేంద్రం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి, తర్వాత రాష్ట్రానికి, 2008 నుంచి నడుస్తున్న ఆరోగ్య సమాచార పోర్టల్ హెచ్‌ఎంఐఎస్ ద్వారా మొత్తం లెక్కలుగా ఢిల్లీకి చేరతాయి. ఇది ఒక దారి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సుల రికార్డులు వేరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం క్లెయిములు వేరు. క్షయ రోగుల కోసం 2012లో వచ్చిన నిక్షయ్ పోర్టల్ వేరు. 1969 చట్టం కింద జరిగే జనన మరణాల నమోదు వేరు. ఒక్కోదాన్ని ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి కట్టారు. ఒకటి మనిషిని లెక్కపెడుతుంది, ఒకటి చికిత్సను, మరొకటి అంబులెన్సు ప్రయాణాన్ని. వీటన్నిటి వెనకా ఉన్న మనిషి మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరినీ ఇన్ని రికార్డుల్లో గుర్తుపట్టడం దగ్గరే చిక్కంతా ఉంది.

ఉదాహరణకు, తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఇళ్లలో ఆచారం. గర్భిణిగా కోడలి పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్లో. సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు. కాన్పు ఆ ఊరికి దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో అవుతుంది. బిడ్డకు ఆరో వారం, పదో వారం టీకాలు అక్కడే వేస్తారు. అయిదో నెలలో తల్లీబిడ్డలు అత్తగారింటికి తిరిగొస్తారు. అత్తగారి ఊరి ఏఎన్‌ఎం జాబితాలో ఆమె కాన్పు వివరం ఖాళీ. పుట్టింటి వైపు ఆసుపత్రిలో ఆమె ముందస్తు నమోదు లేని గర్భిణి. ఒకచోట ఇంటిపేరు పుట్టింటిది, మరొకచోట అత్తింటిది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్‌లో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, మరొకరు కే, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. ఫోన్ నంబరు భర్తది కావచ్చు, తండ్రిది కావచ్చు. కంప్యూటర్ దృష్టిలో వాళ్లు ఇద్దరు వేరు వేరు స్త్రీలు. ఆ ఇద్దరిలో ఎవరికీ పూర్తి వైద్యం అందినట్టు కనిపించదు.

ఈ రెండు రికార్డులూ ఒకరివేనా అని తేల్చడానికి ప్రోగ్రాం రాస్తాం. పేరు ఉచ్చారణ, వయసు, ఊరు, భర్త పేరు, ఫోన్ నంబరు పోల్చి మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు వస్తే ఒకరే అనుకోవాలి? గీత కిందికి దించితే ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరి రికార్డులో చేరుతుంది. పైకి లేపితే ఒకే తల్లి ముక్కలుగా మిగిలిపోతుంది. ఆ గీతను కంప్యూటర్ ముందు కూర్చుని గీయలేం. అనుమానంగా ఉన్న రికార్డులను ఆ ఊరి ఏఎన్‌ఎంకి చూపిస్తే పరిష్కారం దొరుకుతుంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య ఈ పనిని తేలిక చేస్తుంది. అయితే అది ఇష్టపడి తీసుకునేది. ఆ సంఖ్య లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదు. సంఖ్య ఉన్నవాళ్లను చూసి అందరూ ఉన్నారనుకోవడం మా వృత్తిలో పెద్ద ప్రమాదం.

ఖాళీకీ సున్నాకీ తేడా చెప్పడం మా కొత్తవాళ్లకు నేర్పే తొలి పాఠం. ఒక ఆరోగ్య కేంద్రం నెల నివేదికలో శిశు మరణాల గడి ఖాళీగా ఉంటే బిడ్డలెవరూ చనిపోలేదనా, ఎవరూ రాయలేదనా? రెండింటినీ కలిపేస్తే, నివేదిక పంపని మారుమూల ఊరు రాష్ట్రంలోకెల్లా ఆరోగ్యంగా ఉన్న ఊరైపోతుంది. రెండో పాఠం అంకెల నడత. పుట్టిన బిడ్డ బరువు 2,500 గ్రాములకు తక్కువైతే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. నివేదికల్లో సరిగ్గా 2,500 దగ్గర అంకెలు గుట్టగా పోగుపడితే, అక్కడ బిడ్డల్ని తూచలేదని, అంచనాతో రాశారని అనుమానించాలి. రక్తపోట్లన్నీ సున్నాతో ముగిసినా అంతే. అలాంటప్పుడు నోటీసు పంపేముందు అడగాల్సింది ఒకటుంది: ఆ కేంద్రంలో పనిచేసే తూకం యంత్రం ఉందా? నిజమైన అంకె కావాలంటే ముందు నిజమైన పనిముట్టు ఇవ్వాలి.

మరణాల దగ్గర కథ ఇంకా లోతైనది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలని చట్టం. నమోదు అవుతున్నా కారణం తెలియడం లేదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ధ్రువీకరించిన చోట కూడా చాలాసార్లు గుండె, ఊపిరి ఆగిపోవడం అని రాసి వదిలేస్తారు. చనిపోయిన ప్రతి ఒక్కరికీ గుండె ఆగుతుంది. ఆగడానికి దారితీసింది ఏమిటన్నది కావాలి. మధుమేహమా, కాన్పు తర్వాత రక్తస్రావమా, పాముకాటా? ఇక్కడున్న యువ వైద్యులను చేతులు జోడించి అడుగుతున్నాను. మరణ కారణ ధ్రువపత్రంలో మూల కారణం గడిని నింపడానికి మీరు వెచ్చించే అయిదు నిమిషాలు, మీరెన్నడూ చూడని రోగులకు చేసే వైద్యం. పాము విషానికి విరుగుడు మందు ఏ మండలానికి ఎంత పంపాలో మేం తేల్చేది ఆ గడి చూసే.

లెక్క తప్పుతుందని తెలిసినప్పుడు ఏం చేయాలో మన దేశం ఎన్నడో నేర్చుకుంది. నమూనా నమోదు వ్యవస్థ 1969-70 నుంచి దేశమంతటా నడుస్తోంది. ఎంపిక చేసిన ఊళ్లలో ఒక వ్యక్తి ఏడాది పొడవునా జననాలు, మరణాలు రాస్తుంటారు. ఆరు నెలలకోసారి వేరే అధికారి వచ్చి ఆ రాతలు చూడకుండానే ఇంటింటికీ తిరిగి మళ్లీ రాస్తారు. రెండింటినీ సరిపోల్చి, తేడా వచ్చిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్తారు. లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2018-20లో దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 అని మనం నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే ఆ తిరుగుడే కారణం. ఒకరు చూడనిదాన్ని మరొకరు చూసేలా ఏర్పాటు చేయడంలో ఉన్న వినయం, ఏ కృత్రిమ మేధకైనా ముందు కావలసిన గుణం.

ఇక లెక్కకు అందని రోగి సంగతికొస్తే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బు ఇళ్లను ఖాళీ చేస్తోంది. డయాలసిస్ క్లెయిములు మా దగ్గరున్నాయి. ఎవరికి ఎన్నిసార్లు చేశారో, ఎంత చెల్లించారో అవి చెబుతాయి. పొలంలో పనిచేసుకుంటూ, రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్న సంగతి తెలియని కూలీ గురించి అవి ఒక్క మాటా చెప్పవు. ఆసుపత్రి గడప తొక్కాకే మనిషి క్లెయిములో కనిపిస్తాడు. అందుకే ఇంటింటి రక్త పరీక్షలు, నీటి పరీక్షలు కావాలి. లెక్కలకు అందకముందే జబ్బు ఊరికి తెలియడం మన నేలకు కొత్త కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడ్‌తో వచ్చే ఫ్లోరోసిస్ బయటపడింది. ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోతున్నాయని గమనించినవాళ్లు అక్కడి రైతులే. ప్రయోగశాల కంటే ముందు పొలానికి తెలిసింది. సమాచారమంటే మనకు చేరిన అంకె ఒక్కటే అనుకుంటే ఆ రైతు మాట వినపడదు.

పాలన వైపు వెళ్లేవారికి ప్రత్యేకంగా ఒక మాట. సమీక్షా సమావేశాల్లో జిల్లాలకు ర్యాంకులు వేస్తాం. ఎరుపు రంగు పడిన జిల్లా అధికారిని నిలబెట్టి అడుగుతాం. క్షయనే తీసుకోండి. ఒక జిల్లా బస్తీల్లో, కొండ గూడేల్లో శ్రద్ధగా వెతికి ఎక్కువమంది రోగులను కనిపెడుతుంది. మరో జిల్లా వెతకదు. కేసులు పెరిగిన జిల్లాను మందలిస్తే, వెతకొద్దని అందరికీ నేర్పినట్టే. నిజం రాసినవాళ్లకు శిక్ష పడే చోట అంకెలు అందంగా తయారవుతాయి, రోగాలు అక్కడే ఉంటాయి. పెరిగిన కేసుల వెనక ఉన్న కష్టాన్ని గుర్తించి, ఆ అధికారిని అభినందించే ధైర్యం మీకుండాలి.

అలాగే, లెక్కలోకి రావడానికి మనిషి ఎందుకు భయపడతాడో కూడా తెలుసుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పేరు చెరిపేస్తే చాలనుకోకండి. మూడొందల గడపల ఊళ్లో, ఇరవై రెండేళ్ల స్త్రీ, ఒక కేసు అని పట్టికలో వేస్తే ఊరంతటికీ ఎవరో తెలిసిపోతుంది. అందుకే చిన్న అంకెలను బయటికిచ్చే నివేదికల్లో మూసేస్తాం, ఊరి స్థాయి వివరాన్ని మండల స్థాయికి కలుపుతాం, ఎవరు ఏ రికార్డు తెరిచారో నమోదు చేస్తాం. ఒక్కసారి గుట్టు బయటపడితే ఆ ఇల్లే కాదు, ఆ వీధంతా ఏఎన్‌ఎంకి తలుపు మూసేస్తుంది. మళ్లీ తెరిపించడానికి ఏళ్లు పడతాయి.

మిత్రులారా, ఇంజినీర్లు సిగ్నల్ లేని గూడెంలో కూడా పనిచేసే యాప్ కట్టండి. ఒక వివరాన్ని ఏఎన్‌ఎం మూడుచోట్ల ఎక్కించాల్సిన అవసరం లేకుండా చేయండి. మీరు ఆదా చేసే ప్రతి గంటా ఆమె ఒక బాలింతను చూసే గంట. గణాంక నిపుణులు సగటు దగ్గర ఆగకండి. శాతం చెప్పినప్పుడల్లా హారంలో ఎవరున్నారో, మిర్చి కోతలకు వలసపోయిన కుటుంబం ఉందో లేదో అడగండి. వైద్యులు, నర్సులు మీ రాతను చికిత్సలో భాగంగా చూడండి. పాలకులయ్యేవారు, పల్లె నుంచి తీసుకున్న సమాచారాన్ని ఆ పల్లెకు తిరిగి పంపండి. ఈ నెల ఏ గర్భిణికి రక్తహీనత తీవ్రంగా ఉందో, ఏ బిడ్డకు టీకా తప్పిందో జాబితా ఏఎన్‌ఎం చేతికి చేరినప్పుడే మా కార్యాలయం పని పూర్తయినట్టు.

మీలో కొందరు పెద్ద కంపెనీలకు, కొందరు విదేశాలకు వెళ్తారు. సంతోషంగా వెళ్లండి. కొందరైనా ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలోకి రండి. ఇక్కడ పని ఎక్కువ, పేరు తక్కువ. కానీ మీరు సరిచేసిన ఒక జాబితా వల్ల ఒక తల్లి సమయానికి ఆసుపత్రికి చేరుతుంది. ఎక్కడ పనిచేసినా, మీ ముందుకొచ్చిన ప్రతి పట్టికనూ ఒక ప్రశ్న అడగండి: ఇందులో ఎవరు లేరు? జవాబు దొరికేదాకా వదలకండి. దొరికాక ఆ ఇంటికి వెళ్లండి.